ఈసీజీ కింద ఆ రెండు మాటలు రాసి వదిలేయకండి

హెల్త్ చెకప్ ప్యాకేజీలు నిర్వహిస్తున్న ఆస్పత్రుల, డయాగ్నస్టిక్ సెంటర్ల యాజమాన్యాలకు, అక్కడ ఈసీజీ రిపోర్టుల మీద సంతకం చేస్తున్న వైద్య మిత్రులకు నమస్కారాలు.

నేను ఒక చిన్న పట్టణంలో 27 ఏళ్లుగా జనరల్ ఫిజీషియన్‌గా ప్రాక్టీసు చేస్తున్నాను. హృద్రోగ నిపుణుణ్ని కాను. మీ దగ్గర తీయించుకున్న ఈసీజీ చేతబట్టుకుని, దాని కింద ఇంగ్లిషులో ఉన్న ముక్కకు అర్థమేమిటని అడగడానికి వచ్చేవాళ్లను మాత్రం దాదాపు రోజూ చూస్తుంటాను. మీ రిపోర్టుల మీద ఈ మధ్య తరచుగా కనిపిస్తున్న "ఎర్లీ రీపోలరైజేషన్" (ఒక స్పందన తర్వాత గుండె కండరం విద్యుత్ పరంగా తిరిగి సర్దుకోవడం కాస్త ముందే మొదలైనట్టు ఈసీజీ గీతలో కనిపించే రూపం) అన్న రెండు మాటల గురించి, వాటిని మనం రాసి వదిలేస్తున్న తీరు గురించి ఈ లేఖ రాస్తున్నాను. ఎవరినో వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు; నేను కూడా చాలా ఏళ్లు అలాగే రాశాను.

కిందటి వేసవిలో ఒక తండ్రి తన కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. కుర్రాడికి 22 ఏళ్లు, డిగ్రీ పూర్తిచేసి కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమవుతూ రోజూ తెల్లవారుజామున కాలేజీ గ్రౌండులో పరుగు తీసేవాడు. జిమ్ములో కుప్పకూలిన యువకుడి వీడియో ఒకటి అందరి ఫోన్లలో తిరుగుతున్న రోజుల్లో తల్లికి భయం పట్టుకుని, ఒకసారి గుండె చూపించి రమ్మని పంపింది. తండ్రి సంచిలోంచి లామినేషన్ చేసిన కాగితం ఒకటి జాగ్రత్తగా తీసి నా బల్ల మీద పెట్టారు. పాడవకుండా ఉంటుందని జిరాక్స్ షాపులో చేయించారట. ఈసీజీ అచ్చయ్యేది వేడికి నల్లబడే కాగితం మీద గనుక, లామినేషన్ మిషన్ వేడికి అది ఆ చివర నుంచి ఈ చివర దాకా బొగ్గులా నల్లబడిపోయి, ఒక్క గీత కూడా మిగలలేదు. మిగిలింది విడిగా ఇచ్చిన రిపోర్టు ఒక్కటే. అందులో మిషన్ అచ్చువేసిన "ఎర్లీ రీపోలరైజేషన్", దాని కింద పెన్నుతో "కార్డియాలజిస్టును కలవండి" అన్న సలహా తప్ప మరేమీ లేదు.

"ఎర్లీ అంటే ముందుగా అనే కదండీ, మా వాడి గుండె ముందుగానే ఆగిపోతుందనా దానర్థం?" అని ఆయన అడిగారు. ఆ కాగితం ఇంటికి వచ్చిన నాటి నుంచి కొడుకు పరుగు మాన్పించారు. మెట్లెక్కేటప్పుడు కూడా నెమ్మదిగా ఎక్కమనేవారు. దేహదారుఢ్య పరీక్షల తేదీ వచ్చి వెళ్లిపోయినా పంపలేదు. నేను మళ్లీ ఈసీజీ తీసి చూస్తే వీ4 నుంచి వీ6 వరకు లీడ్లలో (గుండెను ఒక్కో కోణం నుంచి చూపే గీతలను లీడ్లు అంటాం) జె పాయింటు, అదేమిటో కింద చెబుతాను, ఒక మిల్లీమీటరుకు కాస్త పైగా లేచి ఉంది, అక్కడి నుంచి ఎస్‌టీ గీత చురుగ్గా పైకెక్కి టీ తరంగంలో కలుస్తోంది, గుండె నిమిషానికి 52 సార్లు కొట్టుకుంటోంది. అబ్బాయి ఎప్పుడూ స్పృహ తప్పలేదు, ఇంట్లో ఎవరూ అకాలంగా పోలేదు. బాగా వ్యాయామం చేసే యువకుల్లో మామూలుగా కనిపించే రూపమే అది.

ఇక రెండో మనిషి తాపీ మేస్త్రి, వయసు 34. రాత్రి నిద్రలో గురక లాంటి వింత శబ్దం చేస్తూ, చేతులు కొయ్యబారి, ఒకటి రెండు నిమిషాల తర్వాత తెల్లమొహం వేసుకుని లేచేవాడని భార్య చెప్పింది. రెండేళ్లుగా ఫిట్స్ మాత్రలు వాడుతున్నాడు. ఆ రెండేళ్లలో మూడు వేర్వేరు చోట్ల తీసిన ఈసీజీల రిపోర్టుల మీద మూడుసార్లూ ఒకే మాట ఉంది: "ఎర్లీ రీపోలరైజేషన్, నార్మల్ వేరియంట్". ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో పోయారా అని నేను అడిగితే, భార్య కాసేపు ఆలోచించి, "వీళ్ల తమ్ముడు 29 ఏళ్లకు పొలం దగ్గర మంచం మీద పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడండీ, పాము ముట్టిందేమో అనుకున్నాం" అంది. ఆ మాట అంతకుముందు ఆమెను ఎవరూ అడగలేదు. మేస్త్రి ఈసీజీలో గుండె కిందివైపు గోడను చూపే 2, 3, ఏవీఎఫ్ లీడ్లలో జె పాయింటు రెండు మిల్లీమీటర్లకు పైగా లేచి, ఆ వెనక ఎస్‌టీ గీత బల్లపరుపుగా సాగింది. అదే రోజు నగరానికి పంపాను. అక్కడ మానిటర్ మీద ఉండగానే తెల్లవారుజామున గుండె కింది గదుల లయ పూర్తిగా చెదిరి వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్‌లోకి వెళ్లాడు, షాక్ ఇచ్చి బతికించారు. ఎకో, యాంజియోగ్రాం రెండూ శుభ్రంగా ఉన్నాయి. ఇప్పుడు ఛాతీలో ఐసీడీతో, అంటే లయ చెదిరితే తనంతట తానే షాక్ ఇచ్చే పరికరంతో, తిరుగుతున్నాడు.

ఆ కుర్రాడి కాగితం మీదా, ఈ మేస్త్రి కాగితాల మీదా ఉన్నవి అవే రెండు మాటలు. ఒకటి నాలుగు నెలలు ఒక ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేసింది, రెండోది రెండేళ్ల పాటు ఒక ప్రాణం మీదికి వస్తున్న ముప్పును కప్పిపెట్టింది. నా అభ్యర్థన అంతా ఈ సంగతి చుట్టూనే.

వైద్యులు కానివారు కూడా ఈ లేఖ చదువుతారు గనుక గీత కథ కొంచెం చెప్పాలి. గుండె కింది గదులైన జఠరికల గుండా విద్యుత్తు పాకేటప్పుడు ఈసీజీలో నిటారుగా లేచి దిగేది క్యూఆర్ఎస్. అది ముగిసి, తర్వాత వచ్చే టీ తరంగం దాకా సాగే ఎస్‌టీ గీత మొదలయ్యే చోటును జె పాయింటు అంటాం. చాలామందిలో అది మట్టపు గీత మీదే ఉంటుంది. కొందరిలో క్యూఆర్ఎస్‌లో పైకి లేచే భాగమైన ఆర్ తరంగం దిగివచ్చే వాలు చివర ఒక చిన్న కొక్కెం గానీ, జారుడు లాంటి మలుపు గానీ కనిపించి, జె పాయింటు పైకి లేస్తుంది. గుండె కండరం వెలుపలి పొరలో పొటాషియం అయాన్లను క్షణకాలం బయటికి తోసే ప్రవాహం లోపలి పొరలో కన్నా బలంగా ఉండడం దీనికి కారణమని ఎక్కువమంది శాస్త్రవేత్తల వివరణ. రెండు పొరల మధ్య ఆ తేడా ఒక హద్దులో ఉన్నంతకాలం ఏమీ కాదు. ఏ కారణం చేతనైనా అది బాగా పెరిగితే, ఒక చోట ఇంకా ఆరని విద్యుత్తు అప్పటికే కోలుకున్న పక్క భాగంలోకి తిరిగి దూకి, అకాలపు స్పందనను పుట్టించి, అది ఫిబ్రిలేషన్‌గా మారే అవకాశం ఉంది. అసలు ఇది విద్యుత్తు ఆలస్యంగా పాకడం వల్ల వచ్చే రూపమని వాదించే వారూ ఉన్నారు, ఆ వాదన ఇంకా ముగియలేదు. గుండె నెమ్మదిగా కొట్టుకునేటప్పుడు, అంటే విశ్రాంతిలో, నిద్రలో, ఈ కొక్కెం పెద్దదవుతుంది. వ్యాయామంతో గుండె వేగం పెరిగితే చిన్నదవుతుంది లేదా మాయమవుతుంది. పురుషుల్లో, యువకుల్లో, క్రీడాకారుల్లో ఎక్కువ. అధ్యయనాన్ని బట్టి సాధారణ జనంలో నూటికి ఒకరి నుంచి 13 మంది వరకు ఇది కనిపించిందంటే, మీ సెంటర్లో రోజూ రెండు మూడు ఈసీజీల మీద ఈ మాట అచ్చవడంలో వింతేమీ లేదు.

దీన్ని 1936లో షిప్లీ, హాలరన్ అనే పరిశోధకులు 200 మంది ఆరోగ్యవంతుల ఈసీజీల్లో గమనించి వర్ణించారు. 1961లో వాసర్‌బర్గర్, ఆల్ట్ దీన్ని మామూలు వైవిధ్యంగానే వివరించారు. మనం మెడికల్ కాలేజీలో చదువుకున్నదీ అదే. 2000లో గుసాక్, యాంట్జెలెవిచ్ ఇది అంత అమాయకమైనది కాకపోవచ్చని కణస్థాయి ఆధారాలతో హెచ్చరించినా ఎక్కువమంది చెవిన పెట్టలేదు. 2008లో ఫ్రాన్సులోని బోర్డో నగరానికి చెందిన మిషెల్ ఐసాగేర్ బృందం, 22 కేంద్రాల నుంచి, ఏ గుండె జబ్బూ బయటపడకుండానే గుండె ఆగి బతికి బయటపడ్డ 206 మంది ఈసీజీలు సేకరించి, 412 మంది ఆరోగ్యవంతుల ఈసీజీలతో పోల్చింది. మొదటి వారిలో 31 శాతం మందికి, రెండో వారిలో 5 శాతం మందికి ఎర్లీ రీపోలరైజేషన్ ఉంది. ఈ రూపం ఉన్న బాధితుల్లో పురుషులు ఎక్కువ, స్పృహ తప్పిన చరిత్ర గానీ నిద్రలో గుండె ఆగడం గానీ ఎక్కువ. ఆ నిద్ర సంగతి చదివినప్పుడల్లా నాకు మేస్త్రి భార్య మాట గుర్తొస్తుంది.

మరుసటి ఏడాది ఫిన్లాండ్ నుంచి టిక్కానెన్, హుయికూరి బృందం వెలువరించిన అధ్యయనం ఇంకో వైపు నుంచి చూసింది. 1966 నుంచి 1972 దాకా ఈసీజీలు తీసిన 10,864 మంది మధ్యవయస్కులను సగటున 30 ఏళ్లు అనుసరించారు. వారిలో 5.8 శాతం మందికి ఈ రూపం ఉంది. 2, 3, ఏవీఎఫ్ లీడ్లలో, అంటే గుండె కిందివైపు గోడను చూపే లీడ్లలో, రెండు మిల్లీమీటర్లు మించి లేచినవారు 36 మందే. కానీ వారిలో గుండె సంబంధ మరణాల ముప్పు దాదాపు మూడు రెట్లు. 2011లో అదే బృందం ఎస్‌టీ గీత ఆకారాన్ని కూడా కలిపి చూసినప్పుడు, గీత చురుగ్గా పైకెక్కే వారికి ముప్పు పెరగలేదని, బల్లపరుపుగా గానీ కిందికి గానీ సాగే వారిలోనే లయ చెదిరి మరణించే ముప్పు ఎక్కువని తేలింది. క్రీడాకారుల్లో ఎక్కువగా కనిపించేది పైకెక్కే రకం. కాబట్టి ఆ కుర్రాడికీ మేస్త్రికీ మధ్య ఉన్న తేడా ఆ గీతలోనే ఉంది. రెండు మాటల రిపోర్టు దాన్ని బయటికి చెప్పలేదు.

31 శాతం అన్న అంకె విని భయపడేవారి కోసం ఒక లెక్క కూడా చెప్పాలి. ఆపద జరిగిన వారి నుంచి వెనక్కి చూస్తే ఆ గీత తరచుగా కనిపిస్తుంది, గీత ఉన్నవారి నుంచి ముందుకు చూస్తే ఆపద అరుదుగా కనిపిస్తుంది. ఇజ్రాయెల్‌కు చెందిన రోసో బృందం 2008లో వేసిన అంచనా ప్రకారం, ఒక యువకుడికి ఇలా కారణం తెలియని ఫిబ్రిలేషన్ వచ్చే అవకాశం లక్షకు 3.4 నుంచి, ఈసీజీలో జె తరంగం, అంటే ఈ కొక్కెం, ఉన్నంత మాత్రాన, లక్షకు 11కు పెరుగుతుంది. మూడు రెట్లకు పైగా పెరిగింది, నిజమే. అయినా ఆ లక్షలో 99,989 మందికి అది రాదు. ఈ రెండో అంకె చెప్పకుండా మొదటిది మాత్రమే చెప్పి ఎవరినీ ఇంటికి పంపకూడదు.

అందువల్ల నా మొదటి విన్నపం రిపోర్టు రాసే పద్ధతి గురించి. 2015లో మాక్‌ఫార్లేన్ నేతృత్వంలో కుదిరిన నిపుణుల ఏకాభిప్రాయ పత్రం ఏది కొలవాలో స్పష్టంగా చెప్పింది: వీ1 నుంచి వీ3 వదిలేసి, పక్కపక్కనున్న రెండు లేదా అంతకన్నా ఎక్కువ లీడ్లలో, కొక్కెం గానీ జారుడు గానీ ఉండి, జె శిఖరం ఒక మిల్లీమీటరు లేదా అంతకుమించి లేచి, క్యూఆర్ఎస్ వెడల్పు 120 మిల్లీసెకన్ల లోపు ఉండాలి. వీ1 నుంచి వీ3 వదిలేయమన్నది అక్కడ లేచే గీత బ్రుగాడా వంటి వేరే జబ్బును సూచించవచ్చు గనుక. దాన్ని దీనితో కలిపేయడం పెద్ద పొరపాటు. మిషన్ అచ్చువేసిన మాట కింద డ్యూటీ డాక్టరు ఒక్క వరుస చేత్తో రాస్తే చాలు: ఏ లీడ్లు, ఎన్ని మిల్లీమీటర్లు, కొక్కెమా జారుడా, ఎస్‌టీ పైకెక్కుతోందా బల్లపరుపుగా ఉందా. అర నిమిషం పని.

దీనికి ముందు మిషన్ సెట్టింగు ఒకటి చూసుకోవాలి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ నన్ను చాలాసార్లు బాధపెట్టింది. కండరాల వణుకు వల్ల వచ్చే పిచ్చిగీతలు కనపడకుండా కాగితం అందంగా రావాలని మన టెక్నీషియన్లు ఫిల్టరును 35 లేదా 40 హెర్ట్జ్ దగ్గర పెట్టి వదిలేస్తారు. పెద్దవాళ్ల ఈసీజీకి ఆ పై హద్దు కనీసం 150 హెర్ట్జ్ ఉండాలన్నది ఏనాటి నుంచో ఉన్న సిఫారసు. 40 దగ్గర పెడితే క్యూఆర్ఎస్ చివర ఉండే ఆ సన్నని కొక్కెం అరిగి నున్నబడిపోయి, ఉన్నది లేనట్టు కనిపించవచ్చు. మీ సెంటర్లోని ఏ ఈసీజీ కాగితమైనా తీసి అంచున చిన్న అక్షరాల్లో ఏముందో ఈరోజే చూడండి. 40 అని ఉంటే మార్పించండి. పిచ్చిగీతలు వస్తే ఫిల్టరు బిగించడం కన్నా, మనిషిని ఒక నిమిషం ఊరట పడనిచ్చి, చలి గదిలో దుప్పటి కప్పి తీయడం మేలు.

రెండో విన్నపం, ప్రశ్నలు. ఈసీజీ మీద ఈ రూపం కనబడ్డ ప్రతి మనిషినీ కొన్ని సంగతులు అడిగి, జవాబు రిపోర్టులో రాయండి. ఎప్పుడైనా, ముఖ్యంగా కూర్చునో పడుకునో ఉన్నప్పుడు, ముందస్తు సూచన లేకుండా స్పృహ తప్పారా? నిద్రలో వింతగా శ్వాస తీయడం, కొయ్యబారడం ఇంట్లో ఎవరైనా చూశారా? తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మేనమామలు, పెదనాన్నలు, బాబాయిల్లో ఎవరైనా నలభై ఐదేళ్ల లోపు హఠాత్తుగా పోయారా? ఈ చివరి ప్రశ్న మన ఊళ్లలో వేసే తీరు వేరు. "గుండె జబ్బుతో ఎవరైనా పోయారా" అని అడిగితే లేదనే చెబుతారు, ఎందుకంటే ఆ మరణాలకు వాళ్ల దగ్గర వేరే పేర్లున్నాయి: పాము ముట్టింది, బావిలో ఈతకు దిగి మునిగిపోయాడు, బండి మీద నుంచి పడ్డాడు. కారణం అడక్కండి, వయసూ సందర్భమూ అడగండి. ఫిట్స్ మాత్రలు వాడుతున్నా తగ్గలేదని ఎవరైనా చెబితే ఈసీజీ మరోసారి చూడండి.

ఈ జవాబుల్లో ఒక్కటైనా అవును అని వస్తే, కాగితం మీద "కార్డియాలజిస్టును కలవండి" అని రాసి పంపడం చాలదు. ఎందుకు కలవాలో, ఎంత త్వరగా కలవాలో, ఏ సంగతి ఆయనకు చెప్పాలో రాయండి. అన్నింటికీ లేదు అని వచ్చి, గీత పైకెక్కే రకమై ఉంటే, మీ వంతుగా ఒక మేలు చేయండి: "ఇది ప్రస్తుతం ఆందోళన పడాల్సినది కాదు, మామూలుగా పనిచేసుకోవచ్చు, ఆటలాడవచ్చు, ఎప్పుడైనా స్పృహ తప్పితే మాత్రం ఈ కాగితంతో వెంటనే రండి" అని తెలుగులో రెండు వాక్యాలు. నిద్ర కరువైన ఇంటికి ఆ రెండు వాక్యాలు ఎంత పనిచేస్తాయో నేను కళ్లారా చూశాను.

మూడోది చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పక తప్పదు. ఏ లక్షణమూ లేని యువకుడికి ఈ రెండు మాటలు చూపించి ఎకో, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ), సీటీ యాంజియోగ్రాం అంటూ ప్యాకేజీ మీద ప్యాకేజీ ఎక్కించడం సరి కాదు. లక్షణాలు లేనివారిలో ఈ గీత కనబడినంత మాత్రాన మామూలుగా పరీక్షలు చేయడాన్ని సిఫారసు చేయడం లేదని యూరోపియన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ 2022 మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. పైగా టీఎంటీలో గుండె వేగం పెరగ్గానే ఈ గీత తనంతట తానే మాయమవుతుంది గనుక, అందులో "నార్మల్" రావడం ధైర్యానికీ ఆధారం కాదు, భయానికీ ఆధారం కాదు. ఆ కుర్రాడి తండ్రి కౌలు రైతు. కార్డియాలజిస్టు ఫీజుతో మొదలుపెట్టి పరీక్షలన్నింటికీ ఆయన పెట్టిన డబ్బు ఒక పంటకు ఎరువుల ఖర్చు.

క్యాజువాలిటీలో పనిచేసే మిత్రులకు ఒక్క మాట. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి ఎస్‌టీ లేచి ఉన్నప్పుడు "ఎర్లీ రీపోలరైజేషన్‌లే" అని తీసిపారేయడం ప్రాణాంతకం. ఏవీఎల్ లీడులో గీత కిందికి దిగి ఉందేమో చూడండి, పావుగంటకోసారి ఈసీజీ మళ్లీ తీయండి, ట్రోపోనిన్ రక్తపరీక్ష చూడండి, పాత ఈసీజీ అడగండి. గుండెపోటులో గీత గంటగంటకూ మారుతుంది. ఉద్యోగ నియామకాల్లో వైద్య పరీక్ష చేసే బోర్డుల వారికి కూడా చెప్పాలి: క్రీడాకారుల ఈసీజీల కోసం 2017లో రూపొందిన అంతర్జాతీయ సిఫారసులు దీన్ని మామూలు మార్పుల్లోనే చేర్చాయి. లక్షణాలు లేని అభ్యర్థిని దీని పేరుతో పక్కన పెట్టకండి.

నిజంగా ఆపదను ఎదుర్కొన్న కొద్దిమందికి చేయగలిగింది ఉంది కాబట్టే ఇంతగా అడుగుతున్నాను. గుండె ఆగి బతికిన వారికి ఐసీడీ అమర్చాలన్న దాంట్లో భిన్నాభిప్రాయం లేదు. షాక్ మీద షాక్ పడే స్థితిలో ఐసోప్రినలిన్ డ్రిప్ గుండె వేగాన్ని పెంచి లయను నిలబెడుతుంది. మళ్లీ మళ్లీ రాకుండా క్వినిడిన్ అనే చాలా పాత మాత్ర పనిచేస్తుంది. ఖరీదైనది కాకపోయినా, లాభం లేదని తయారీ తగ్గిపోయి, అనేక దేశాల్లో అది దొరకడమే కష్టంగా ఉంది. ఆ సంగతి మీద విడిగా ఒక లేఖ రాయాల్సినంత ఆవేదన నాకు ఉంది.

చివరగా కాగితం గురించి. థర్మల్ కాగితం మీది గీత కొన్నేళ్లలో వెలిసిపోతుంది, వేడి తగిలితే నల్లబడుతుంది, ప్లాస్టిక్ కవరులో పెడితే ఇంకా త్వరగా పాడవుతుంది. ఈ రూపం ఒకరోజు కనిపించి మరోరోజు కనిపించకపోవచ్చు గనుక, పాత ఈసీజీ పక్కన పెట్టి చూడడం ఇందులో చాలా అవసరం. మేస్త్రి విషయంలో మూడింటిలో రెండు ఈసీజీలు పసుపు రంగు ఖాళీ కాగితాలైపోయాయి. మూడోదాన్ని ఆయన భార్య రేషన్ కార్డు మడతలో పెట్టి బియ్యం డబ్బా వెనక దాచింది కాబట్టి మిగిలింది. నగరంలోని డాక్టరుగారు దాన్ని కొత్త ఈసీజీ పక్కన పెట్టి, కొక్కెం రెండేళ్లలో ఎంత పెరిగిందో స్కేలుతో కొలిచి చూపించారు. మీరు ఇచ్చే ప్రతి ఈసీజీకి మామూలు కాగితం మీద ఒక జిరాక్స్ కాపీ జతచేయండి, లేదా వాళ్ల ఫోనులోనే ఒక ఫొటో తీసి ఇవ్వండి. అసలు కాగితాన్ని లామినేషన్ చేయించవద్దని కవరు మీద తెలుగులో ముద్రించండి.

రిపోర్టులో చేర్చాల్సిన ఆ ఒక్క వరుసకూ, ఆ ప్రశ్నలకూ ఒక నమూనా నేను తయారు చేసుకుని నా క్లినిక్‌లో వాడుతున్నాను. ఏ సెంటరు వారు కోరినా ఇస్తాను, దానిలోని లోపాలు చెబితే దిద్దుకుంటాను.

భవదీయుడు,
ఒక జనరల్ ఫిజీషియన్